వదినను అడగని ప్రశ్న

మా అన్నకు ఆ మందు వద్దన్నది వదిన కాదు, నేను. వదినకు అసలు ఆ మందు సంగతే తెలియదు. ఇంత చిన్న మాట బయటపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందులో రెండో ఏడాదంతా మా అన్న ముందు ఆ నింద వదినే మోసింది.

టెంఘర్‌లో తను నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, మూతపడ్డాక అన్న మగ్గం పని వదిలి మాన్కోలి గోదాముల్లో లోడింగ్‌కు పోయేవాడు. ఒకరోజు పొద్దున లారీలోంచి అద్దాల పలకలు దించుతుంటే ఒకటి జారి తొడ మీద పగిలింది. పెద్ద రక్తనాళం తెగింది. తోటి హమాలీలు తువ్వాలు బిగించి కట్టి, టెంపోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చేసరికి మనిషి తెల్లగా సున్నంలా ఉన్నాడట. నాళం కుట్టి, బాటిల్ వెనక బాటిల్ రక్తం ఎక్కించారు.

మా గల్లీలో ఆడవాళ్లు చాలామంది పెళ్లయ్యాక ఊరి నుంచి నేరుగా ఈ మరాఠీ పట్నానికి వచ్చినవాళ్లు. ఇంటి పని, నూలు కండెలు చుట్టే పని, చుట్టూ మన తెలుగువాళ్లే. హిందీ అవసరం పడదు. ఆసుపత్రికో బడికో పోవాల్సివస్తే హిందీ, మరాఠీ వచ్చిన మగవాడిని వెంట తీసుకుపోతారు. గల్లీలో ఆ మగవాడు ఎక్కువగా నేనే. అవతలివాళ్లు పది మాటలు చెబితే నేను రెండు చెప్పేవాణ్ణి. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ మధ్యాహ్నం వార్డు బయట ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్నూ వదిననూ కూర్చోబెట్టి మాట్లాడింది. హిందీలో నిదానంగా చెప్పింది. ఒంట్లో రక్తం బాగా పోతే అవయవాలకు ప్రాణవాయువు అందదు. తిరిగి రక్తం ఎక్కించగానే ఒక్కసారిగా అందుతుంది. ఆ తాకిడికి రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని వాస్తుంది. వాపు ముదిరితే కిడ్నీలు, ఊపిరితిత్తులు కూడా దెబ్బతినొచ్చు. దాన్ని తగ్గిస్తుందేమోనని ఒక యాంటీఆక్సిడెంట్ మందును సెలైన్‌లో ఎక్కించి చూస్తున్నారు.

"ఇంకా పరీక్షలో ఉన్న మందు. కొందరికి మందు ఎక్కుతుంది, కొందరికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది అన్నది నాకు కూడా తెలియదు. పని చేయొచ్చు, చేయకపోవచ్చు. వద్దన్నా మిగతా వైద్యం ఆగదు. భార్య ఒప్పుకుంటేనే చేర్చుకుంటాం. ఆమెకు అంతా వివరంగా చెప్పండి" అంది.

నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. యాంటీఆక్సిడెంట్.

అంతకు కొన్నేళ్ల ముందు ధామన్కర్ నాకా దగ్గర ఒక మేడ మీద హాలుకు ఆదివారాలు పోయేవాణ్ణి. టై కట్టుకున్న మనవాడొకడు ఊదారంగు జ్యూస్ సీసా ఎత్తి చూపిస్తూ ఇదే మాట పలికేవాడు. రక్తం శుభ్రమవుతుందని, నరాల్లో అడ్డంకులు కరుగుతాయని, షుగరు పోతుందని చెప్పేవాడు. నేను నమ్మి తాగాను. గల్లీలో పదిమందిని ఆ గొలుసు వ్యాపారంలో చేర్చాను. వాళ్లలో ఒక పెద్దాయన జ్యూస్ ఉంది కదా అని బీపీ గోళీలు మానేశాడు. నెలలోపే పక్షవాతం వచ్చి ఆయన మూతి పక్కకు పోయింది. ఆ తర్వాత టీ బండి దగ్గర నేను కనపడితే చాలు, "ఏం జ్యూస్ సేటూ, నెత్తురు సాఫైందా?" అని నవ్వేవాళ్లు.

అందుకే డాక్టరమ్మ నోట ఆ మాట రాగానే ఆమెలో నాకు ఆ టైవాడే కనపడ్డాడు. ఇంత మర్యాదగా ఎందుకు మాట్లాడుతోంది? మందో నీళ్లో తనకే తెలియదంటే ఎట్లా? లోడింగ్ కూలివాడు దొరికాడని మావాడి మీద ప్రయోగం చేస్తారా? ఆమె జేబులో పెన్ను మీద ఏదో మందుల కంపెనీ పేరు ఉంది. అది చూశాక నా అనుమానం గట్టిపడింది. ఒక్క నిమిషమని లేచి వరండా తుడిచే మనిషిని అడిగాను, ఇక్కడ మనుషుల మీద మందులు పరీక్షిస్తారటగా అని. "మాలూమ్ నహీ భాయ్" అన్నాడు. తెలిసీ చెప్పడం లేదనుకున్నాను.

వెనక్కి వచ్చేసరికి డాక్టరమ్మ కాగితం పట్టుకుని ఉంది. వదిన గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏమంటున్నది తమ్మీ?" అంది.

"ఏం లేదు వదినే, ఆపరేషన్ కాయితమే. నువ్వు పొద్దటి సంది ఏం తినలే. ఇంటికి పోయి జరసేపు పండుకుంటవా?" అన్నాను.

వదిన గట్టిగా తల అడ్డంగా ఊపింది. "వద్దు వద్దు, నేను యాడికి పోను."

నేను డాక్టరమ్మ వైపు తిరిగి, ఆమె వద్దంటోంది అని చెప్పాను. డాక్టరమ్మ కళ్లారా చూసింది కదా, నమ్మింది. కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. నాకు మోసం నుంచి ఇంటిని కాపాడినంత గర్వమైంది.

అన్న బతికాడు. కానీ కిడ్నీలు కొన్ని వారాలు పనిచేయలేదు, మెషీన్ మీద పెట్టారు. పాదంలో స్పర్శ తిరిగి రాలేదు. ఆ మందు ఎక్కించి ఉంటే ఇదంతా తప్పేదా అంటే, ఎవరూ చెప్పలేరు. తర్వాత వేరే డాక్టరును అడిగాను. ఆ మందుల మీద ఇంకా ఏమీ తేలలేదన్నాడు. మందు పని చేసేదని నేను ఇప్పుడూ అనడం లేదు. మా జ్యూస్ హాలులో ఒక్కనాడూ ఎవరూ 'చేయకపోవచ్చు' అనలేదు. ఆ డాక్టరమ్మ అంది. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

ఏడాది తిరిగాక చెకప్‌కు పోవాలని అన్న కూతురు పాత ఫైలు సర్దుతోంది. మరాఠీ బడిలో పదో తరగతి చదువుతోంది. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను.

"అమ్మా, ఇదేంది? పత్నీనే నకార్ దిలా అని రాసిండ్రు. నువ్వెందుకు ఔషధ్ వద్దన్నవ్?" అంది.

అన్న తల ఎత్తాడు. "ఏం మందు?"

పిల్ల చదివి చెప్పింది. వదిన బిత్తరపోయి, "నన్నెవ్వరు అడగలే. నేను అనలే" అంది.

"మరి గాలికి రాసిండ్రా వాళ్లు?" అన్నాడు అన్న.

నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

అప్పటి నుంచి అన్నకు అదొక ఊతపదమైంది. కాలు తిమ్మిరెక్కినా, అన్నం ఆలస్యమైనా, "మా ఇంట్ల పెద్ద డాక్టరమ్మ ఉన్నది గద" అనేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే, "మందే వద్దన్నది, ఉప్పు వద్దనదా?" అనేవాడు. వదిన మొదట్లో ఎదురు చెప్పేది. తర్వాత మానేసింది. నాకేమో ఆమె చూపంటే భయం పట్టుకుంది. నాకు నీళ్లిచ్చినా, పలకరించకపోయినా, తెలిసిపోయిందేమోనని అనుమానమే. వాళ్లింటికి పోవడం తగ్గించాను.

ఆమె నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అనుమానించింది తనను తాను. ఒకరోజు మార్కెట్ దగ్గర ఎదురుపడి అడిగింది: "తమ్మీ, ఆనాడు నా తలకాయ పనిజేయలే. నేనే వద్దన్ననేమో. నువ్వు పక్కనే ఉన్నవు గద, నిజం జెప్పు, వద్దన్ననా?"

"యాద్‌కు లేదు వదినే" అన్నాను.

ఆసుపత్రిలో ఆడిన అబద్ధానికి అనుమానం కారణమని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి ఏ కారణమూ లేదు. చేయని పనిని చేశానేమోనని ఒక మనిషి నమ్మడం మొదలుపెట్టింది. ఆమె పరిస్థితి అంతదాకా తెచ్చింది నేనే.

ఆ ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి పోయాను. అన్న మంచం మీద, వదిన కండెల మెషీన్ ముందు, పిల్ల పుస్తకాలతో ఉన్నారు. కూర్చోకుండానే అంతా చెప్పాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో, నేను ఏం అడిగానో, వదిన దేనికి తల ఊపిందో. వదిన మెషీన్ ఆపింది. పిల్ల పుస్తకం మూసింది. అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తప్పైంది అన్నా" అన్నాను.

"నాకెందుకు జెప్తవురా? ఇన్ని దినాలు మాటలు పడ్డది ఆమె. ఆమెకు జెప్పు. నేను జెప్పుకునేది నేను గూడ జెప్పుకుంట" అన్నాడు.

నేను వదిన ముందు నేల మీద కూర్చున్నాను.

"వదినే, నువ్వు అనలే. నిన్ను అసలు అడగనే లేదు. నువ్వు వద్దన్నవని నేనే జెప్పిన. అది బయటపడ్డంక గూడ నిన్ను మాటలు పడనిచ్చిన. మొన్న నువ్వే అడిగితే మల్ల అబద్ధం జెప్పిన. నన్ను మాఫ్ చెయ్ వదినే."