ఆయ్ అన్నారు కదండీ

వరద నీరు ఇంట్లోంచి పూర్తిగా తీసేదాకా ఆగకూడదు. మోకాలి లోతున ఉండగానే లోపలికి దిగి, చీపురుతో అడుగునున్న ఒండ్రునంతా కలియబెట్టి, ఆ నీటితోపాటే గుమ్మం దాటించెయ్యాలి. నీరు పోయాక చూద్దాంలే అనుకున్నామా, ఆ బురద ఆరి గచ్చుకి అతుక్కుపోతుంది. ఆ తర్వాత గునపం పట్టాల్సిందే. ముక్తేశ్వరం దగ్గర గోదావరి పాయల మధ్యనున్న మా లంకలో కాపురం చేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మామూలుగా అయితే నేనూ ఇంకాస్త ఆగేదాన్నే. వీధి చివర మేడ ఉన్నవాళ్ళు మాకు పై గది ఇచ్చారు. నేను పాఠాలు చెప్పే బడి కూడా మునిగింది కాబట్టి సెలవులు. కానీ ఆసారి నీరు నడుము నుంచి మోకాలికి దిగిందో లేదో చీర ఎగ్గట్టుకుని ఇంట్లోకి దిగిపోయాను. నా వెనకే మా ఆయన గమేళా పట్టుకుని దిగారు. మా అమ్మాయికి తొమ్మిదో నెల పడబోతోంది. తొలి కాన్పు. పుట్టింట్లో పురుడు పోసుకోవాలి. ఆ పుట్టిల్లేమో గోదాట్లో ఉంది.

అమ్మాయి అత్తవారిది రామచంద్రపురం. రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి కోటిపల్లిలో దిగితే ఆ పక్కనే. ఏడో నెలలో తీసుకొస్తామంటే సీమంతం కానివ్వండి అన్నారు. ఎనిమిదో నెల సరి నెల, పనికిరాదు, పైగా ఆషాఢం. శ్రావణం రాగానే మంచిరోజు చూసి పంపుతామన్నారు. శ్రావణం కంటే ముందు గోదావరి వచ్చింది.

తూర్పు గది పురిటి గదికని ఎప్పుడో అనుకున్నాను. మా అమ్మాయిని నేను మూడో నెల బిడ్డగా మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నప్పుడు పడుకోబెట్టింది ఆ గదిలోనే. ఆ గదిలో కడగడానికి దిగితే బీరువా వెనక జెర్రులు, మంచం కింద చచ్చిన చేప, కిటికీ ఊచలకి చుట్టుకున్న అరటి నార. బురద తోసి, కడిగి, బ్లీచింగ్ చల్లి, మళ్ళీ కడిగి, ఫినాయిలు పోసి, మళ్ళీ కడిగాను. గదంతా వేపాకు పొగ వేశాను. తలుపులు ఉబ్బిపోయి మూతపడకపోతే మా ఆయన వాటిని ఊడదీసి చిత్రిక పట్టారు. నోరెత్తకుండా పట్టారు. ఆయన ఎప్పుడూ నోరెత్తరు కాబట్టి నేనేమీ అనుమానించలేదు.

గోడకి మాత్రం నా నడుం ఎత్తున మట్టి గీత ఉండిపోయింది. పీచు పెట్టి తోమాను, సోడా నీళ్ళతో తోమాను. పోలేదు. పుట్టిన బిడ్డ కళ్ళు తెరిచి మొదట చూసేది ఆ గీతనేనా అని నాకు ఒళ్ళు మండింది. సున్నం వేద్దామన్నాను.

"గోడ ఆరలేదే. తడి గోడకి సున్నం నిలవదు" అన్నారు మా ఆయన.

"ఆరేదాకా బిడ్డ ఆగుతుందాండీ?"

"ఆయ్" అన్నారు.

ఈ ఆయ్ గురించి కాస్త చెప్పాలి. ఆయ్ అంటే అవునని కాదు. కాదని అసలే కాదు. విన్నానండి అని ఒకటి, మీ మాట కాదంటే బాగోదండి అని ఇంకొకటి, రెండూ కలిసి నోట్లోంచి ఊడిపడతాయి. మా గోదావరి వాళ్ళు పెళ్ళిలోనూ ఆయ్ అంటారు, చావింట్లోనూ ఆయ్ అంటారు. మా ఆయన అయితే, కొబ్బరికాయల బేరగాడు ధర తెగ్గోసి చెప్పినా ఆయ్, గట్టు జరిపేసిన పక్కచేను వాడు గట్టు అక్కడే ఉండేదంటే దానికీ ఆయ్. బయటి ఊళ్ళవాళ్ళు దీన్ని మర్యాద అని తెగ మెచ్చుకుంటారు. వాళ్ళకేం, కాపురం చెయ్యక్కర్లేదు.

సున్నం వేస్తే పొద్దున్నకి తెల్లగా ఉండేది, సాయంత్రానికి గీత పసుపుగా పైకి తేలేది. ఇంకో పూత వేసేవాళ్ళం. మళ్ళీ తేలేది. సున్నంలో చేతులు పెట్టి పెట్టి నా వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. అన్నం కలుపుకుంటుంటే కారం తగిలి ప్రాణం పోయేది. ఆయన చూసి, చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టారు. ఎంత మంచివాడో అనుకున్నాను ఆ పూటకి.

అటక మీద మా అమ్మ ట్రంకుపెట్టె తడవలేదు. అందులో మా అమ్మ కట్టి విడిచిన నేత చీరలున్నాయి. పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. మన ఇంటి మనిషి ఒంటి మీద నలిగి మెత్తబడ్డ బట్ట వెయ్యాలి. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కూతురు పురిటికొచ్చే రోజు కోసమని ఆ చీరలు ఎవరికీ ఇవ్వకుండా దాచాను. ఇప్పుడవి చేత్తో చింపి, చదరాలు చేసి, పెద్ద డేగిసాలో ఉడకబెట్టాను. ఎండ లేదు, ముసురు. తీగ మీద వేస్తే ముక్కిన వాసన వస్తాయని ఒక్కొక్కటీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. కరెంటు పోతే ఆగి, వస్తే మళ్ళీ మొదలు. మడతలు పెట్టి సంచీలో సర్దుతుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషమే, నిజానికి.

అటక మీద నుంచి చెక్క ఉయ్యాల కూడా దించాం. దూలానికున్న కొక్కెం తుప్పు పట్టి ఉంటే ఆయన గీకి కొబ్బరినూనె రాశారు. ఉయ్యాల తగిలించి, గట్టిదో కాదో చూద్దామని అందులో బియ్యం మూట పెట్టి ఊపాను. ఊగింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఏదో అనబోయి, "ఆయ్, బాగానే ఉంది" అని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడే అనుకోవాల్సింది నేను.

అన్నీ అయ్యాక, శ్రావణం వచ్చిన వారానికి, మా వియ్యపురాలికి నేనే ఫోన్ చేశాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నాకు ఎంతో సులువుగా ఉండేది. పలకరింపుల్లో నన్ను మించిపోతుంది.

"వదినగారూ, ఎలా ఉన్నారండి? నీళ్ళన్నీ తీసేసేయా అండి?"

"తీసేసేయండి. ఇల్లంతా శుభ్రం చేసేసేం. ఇంక మీరు మంచిరోజు చెప్తే మేం పంటు మీదొచ్చి అమ్మాయిని తీసుకొచ్చేసుకుంటామండి."



"అదేంటండి వదినగారూ? పురుడు ఇక్కడే పోసేస్తామని అన్నయ్యగారితో ఎప్పుడో చెప్పేం కదండి. వరదలో మీరే అవస్థ పడుతున్నారు, బాలింతనెక్కడ పెడతారని. అన్నయ్యగారు ఆయ్ అన్నారు కదండీ."

ఎప్పుడు చెప్పారని అడిగాను. నీళ్ళు మా అరుగెక్కిన రోజునట. అంటే మేము ఇల్లు కడగడం మొదలుపెట్టక ముందు.

"ఇక్కడ డాక్టరమ్మగారికీ చెప్పేసేం, గది కూడా మాట్లాడేసేం. మీకు తెలుసనుకున్నానండి. ఏమీ అనుకోకండేం" అంది ఆవిడ. నిజంగానే నొచ్చుకుంది.

ఫోన్ పెట్టేసి తూర్పు గదిలోకి వెళ్ళాను. ఆయన నిచ్చెన మీదున్నారు. చేతిలో సున్నం కుంచె. గీత మీద వేసిన పూత పైగోడతో కలవాలని పైదాకా వేస్తున్నారు.

"అమ్మాయి రాదని మీకు ముందే తెలుసా?"

కుంచె ఆగింది. దాని చివర నుంచి సున్నం బొట్లు నేను కడిగిన గచ్చు మీద పడుతున్నాయి.

"వాళ్ళు పురుడు అక్కడ పోస్తామంటే మీరు ఆయ్ అన్నారా?"

"ఆయ్ అన్నానే గానీ, సరే అనలేదే!"

ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వాళ్ళకి ఆయ్ అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదు? ఈ గోడకి ఎన్ని పూతలు వేయించాను మీచేత! ఎవరికోసం వేస్తున్నారండీ?"

"నువ్వు అంత ఇదిగా చేసుకుంటున్నావు. ఎలా చెప్పమంటావు?" అన్నారు. "చెప్తే ఏడుస్తావని. ఈలోగా వాళ్ళ మనసు మారుతుందేమోనని."

"మారకపోతే?"

ఆయన కుంచె మళ్ళీ సున్నంలో ముంచారు. నిచ్చెన కింద నిలబడి ఆయన్ని ఒక్క చూపు చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో అంత అసహ్యంగా ఆయన్నెప్పుడూ చూడలేదు. ఒక్క 'కాదండి' అన్న ముక్క నోట్లోంచి రాని మనిషితో నేను ఇల్లు కడుగుతున్నానా అనిపించింది. బురదలో నాతోపాటు దిగాడు, గమేళాలు మోశాడు, నాకు చెంచా తెచ్చి పెట్టాడు, నా చెయ్యి ఎవరూ రాని గదికోసం ఒరిసిందని తెలిసి కూడా.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. నా కూతురు నాతో చిన్నప్పటి నుంచీ తగాదా పెట్టుకునేది. జడ దగ్గర తగాదా, చదువు దగ్గర తగాదా. నేను ఎడ్డెమంటే తెడ్డెమనేది.

"నీకు ఇక్కడికి రావాలనుందా లేదా? అది ఒక్కటీ చెప్పు."

 ఇంతలో దాని వెనక నుంచి ఎవరో పిలిచారు. "ఆయ్ అత్తయ్యగారూ, వస్తున్నానండి" అంది. ఫోన్ పెట్టేసింది. అది నా కూతురి గొంతేనా అని ఫోన్ వైపు చూశాను.

నొప్పులొచ్చిన కబురు బిడ్డ పుట్టాకే తెలిసింది. మనవరాలు. "నొప్పులొచ్చేయంటే మీరు కంగారు పడతారని చెప్పలేదండి" అంది వియ్యపురాలు ఫోన్లో. ఆ రోజే బయల్దేరాం. గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. అయినా పంటు నడుస్తోంది. పంటు మీద మా ఆయన ఒక చివర, నేను ఒక చివర. నా ఒళ్ళో చీర ముక్కల సంచీ. అవతలి ఒడ్డు చేరేలోపు ఏమనాలో అనుకున్నాను. వదినగారూ, మీకు చాలా థాంక్సండి, ఆసుపత్రి నుంచి నా కూతుర్ని నేను తీసుకెళ్ళిపోతానండి. ఇంత చిన్న మాట. పదిసార్లు చదివిన పాఠంలా నోటికొచ్చేసింది.

ఆసుపత్రి గది చల్లగా ఉంది. బిడ్డ కొత్త తువ్వాల్లో ఉంది, దుకాణంలో దొరికే డైపరు వేసి ఉంది. మా అమ్మ ముక్కు దానికి. వియ్యపురాలు లేచి నాకు కుర్చీ ఇచ్చింది. సంచీ చేతిలోకి తీసుకుని పైనున్న ముక్కని తడిమి చూసింది.

"ఎంత కష్టపడ్డారో వదినగారూ! ఎంత మెత్తగా ఉన్నాయో. కొంచెం సున్నం వాసనొస్తున్నట్టుందండి. వరదొచ్చిన ఇల్లు కదా. ఓసారి మందు నీళ్ళలో పెట్టించి వాడదాం" అని సంచీని మంచం కిందకి జరిపింది. అక్కడ చెప్పులున్నాయి. తర్వాత ఫ్లాస్కు తీసుకుని మా ఆయనతో కలిసి కాఫీకి కిందకి వెళ్ళింది.

గదిలో మేం ముగ్గురమే మిగిలాం. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళ సందులు చూసింది.

"ఏంటమ్మా ఇది?"

"సున్నం."

"గది రెడీ చేసేవా?"

"ఉయ్యాల కూడా కట్టేను."

తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నన్ను తీసుకెళ్ళిపోమ్మా. డిశ్చార్జి అవ్వగానే. నేనడిగితే బాగోదు. నువ్వడిగితే వాళ్ళు కాదనలేరు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరమ్మా, బాగానే చూస్తారు. కానీ నాకు వీళ్ళ దగ్గర ఏడుపు కూడా రావట్లేదు. నువ్వు అడుగు."

అడుగుతానన్నాను. దాని తల నిమిరి, తప్పకుండా అడుగుతానన్నాను.

వియ్యపురాలు ఫ్లాస్కుతో లోపలికొచ్చింది. వెనకే మా ఆయన, గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆవిడ నాకు గ్లాసులో కాఫీ పోసి, రెండు చేతులతో అందించింది.

"వదినగారూ, ఎల్లుండి డిశ్చార్జంటండి. మనింటికే తీసుకెళ్ళిపోతాం. మీ ఇల్లు శుభ్రంగా ఆరనివ్వండి, తొందరేముంది? మూడో నెల రాగానే తల్లినీ పిల్లనీ నేనే తెచ్చి మీ ఒళ్ళో పెడతాను. మీరేమంటారండి?"

కాఫీ గ్లాసు వేడి ఒరిసిన వేళ్ళకి తగిలింది. పంటు మీద నోటికొచ్చిన పాఠం అంతా అక్కడే ఉంది, నాలిక చివర. ఆవిడ నవ్వుతూ చూస్తోంది. అంత మర్యాదగా నిలబడి అడుగుతోంది. అమ్మాయి చూస్తోంది.

"ఆయ్" అన్నాను.

 నిచ్చెన కింద నిలబడి నేను వాళ్ళ నాన్నని చూసిన చూపే, అదే చూపు, మా అమ్మాయి నన్ను చూసింది. తర్వాత బిడ్డని దగ్గరికి జరుపుకుని, అత్తగారి వైపు తిరిగింది.

"చీకటి పడితే పంటు ఉండదు అత్తయ్యగారూ. మా అమ్మావాళ్ళని బయల్దేరమనండి."