బొమ్మ మంటలో ఇంగువ పోపు

నా ముక్కు నాకన్నా ముందే గదిలోకి వస్తుందని మావాళ్లు ఏడిపిస్తుంటారు. అంత ముక్కు పెట్టుకుని నిరుడంతా నాకు వాసనే తెలియలేదు. రెండు కార్ల గ్యారేజీ కట్టి, లోపల సైకిల్ కూడా లేనట్టు.

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటిది చెబితే ముందు వాళ్ల జేబులు వెతకమనే రకం. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

పదో తరగతి దాటని నేను అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో ఒక తెలుగు హోటల్లో వంట చేస్తాను. నిరుడు జ్వరం వచ్చి తగ్గింది, వాసన మాత్రం పట్టుకుపోయింది. మా ఆవిడ సుజాతదీ అదే కిచెన్. పోపు వేగిందో మాడిందో కళ్లతో సైగ చేసేది, అలా నెట్టుకొచ్చాం. ఆమె సెలవు పెట్టిన రోజున పాడైపోయిన కొబ్బరి చట్నీ టేబుల్ మీదికి పంపేశాను. ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానని ఓనర్ చెప్పేశాడు.

ఆ వారంలోనే మా ఫ్రెండ్ కిశోర్, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, న్యూ మెక్సికోలో స్పానిష్ వాళ్ల మంటల పండగ ఉంది, చూసొద్దాం రమ్మన్నాడు. వాళ్ల తాతలు స్పెయిన్ నుంచి తెచ్చుకున్న ఆచారమట. మేడంత కర్రబొమ్మ కడతారు. ఎవరి బాధకు సంబంధించిన వస్తువు వాళ్లు దాని కడుపులో పెడతారు. పొద్దు గుంకగానే తగలబెడతారు. మన భోగి మంటకి కాళ్లూ చేతులూ వచ్చినట్టు.

నా బాధంతా ముక్కుదే. దాన్ని కోసి పెట్టలేను కాబట్టి, వంటప్పుడు భుజాన వేసుకునే గళ్ల తువ్వాలు ఇద్దామనుకున్నాను. ఇంగువా నూనే ఇంకిపోయిన తువ్వాలు. సుజాత మడతపెట్టి కవర్లో పెట్టి ఇచ్చింది. ముగ్గురం కార్లో వెళ్లాం, కవర్ విప్పకుండానే బొమ్మలో పెట్టాను.

మంట అంటుకుంది. జనం కేకలు. బొమ్మ నడుం దాకా కాలేసరికి నా ముక్కుకి గుప్పున తగిలింది. పొగ కాదు. మాడిన ఇంగువ పోపు. ఎండుమిర్చి ఘాటుకి తుమ్ము కూడా వచ్చింది.

నా ముక్కుని నేనే నమ్మలేదు. కానీ పక్కన నిలబడ్డ స్పానిష్ ముసలావిడ కూడా దగ్గింది. స్కార్ఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇక్కడ ఎవరు ఏం వేయిస్తున్నారని నన్నే అడిగింది. సుజాతకీ కిశోర్‌కీ మాత్రం పొగ తప్ప ఇంకేమీ తెలియలేదట.

నా అనుమానం ముందు కిశోర్ మీదికే పోయింది. నేను వాడికి చేసినన్ని తమాషాలకి వాడొకటి తిరిగి చేసినా తప్పులేదు. జేబులు తడిమాను, చేతులు వాసన చూశాను. చుట్టూ ఉన్నవాళ్లు మా ఇద్దరి గురించి ఇంకేదో అనుకుని ముసిముసిగా నవ్వారు.

"అన్నా, ఇంగువ జేబులో వేసుకుని తిరిగితే నాకు పిల్లనెవరిస్తారు?" అన్నాడు వాడు.

ఆ చివర మిరపకాయలు కాల్చే బండి ఉంటే అక్కడికీ వెళ్లాను. కాల్చేది పచ్చిమిర్చి. ఇంగువ గురించి అడిగితే బండివాడు తెల్లమొహం వేశాడు.

చివరికి తువ్వాలే కాలి ఉంటుందిలే అని సర్దుకున్నాను. పాతికేళ్ల పోపులు తాగిన గుడ్డ మరి.

కారు దగ్గరికొచ్చి నీళ్ల కోసం డిక్కీ తీస్తే, సంచిలో నా తువ్వాలు. అదే చిరుగు, అదే పసుపు మరక. సుజాతని నిలదీశాను. మనకి అన్నం పెట్టే గుడ్డని మంటలో వేయడానికి తనకి చేతులు రాలేదట. అచ్చం అలాంటిదే కొత్తది ప్యాకెట్లోంచి తీసి కవర్లో పెట్టిందట. ముక్కు సరిగ్గా ఉండుంటే కవర్ చేతికి రాగానే పట్టేసేవాణ్ణి.

కొత్త గుడ్డలో ఇంగువ ఎక్కడిది?

పోయిన వాసన ఒక్కోసారి ఉన్నట్టుండి తిరిగొస్తుందని డాక్టర్ అన్నాడు. నాకొచ్చింది సరే, ఆ ముసలావిడ ఎందుకు దగ్గింది?

ఇప్పుడు పోపులన్నీ నా ముక్కే చూసుకుంటోంది, ఉద్యోగం నిలబడింది. అయినా మనసు ఊరుకోదు. ఆ కవర్లో ఇంకేమైనా పెట్టావా, నిజం చెప్పమని మొన్న కూడా సుజాతని అడిగాను.

ఆమె స్టవ్ తగ్గించి నా వైపు తిరిగింది.

"వాసన ఎక్కణ్ణుంచో వచ్చింది. దాన్ని కూడా అనుమానించి వెనక్కి పంపేయకండి."