కలుపు నాటిన మడి

కండక్టర్ ఈల వేస్తే మా పార్కులో పావురాలు కూడా ఎక్కే వరుస, దిగే వరుస అని రెండుగా విడిపోయేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఉద్యోగమంతా సిటీ బస్సులో నిలబడే గడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒక చెయ్యి పైకెత్తి, అక్కడ లేని కడ్డీ పట్టుకునేవాడు. పొద్దున్నే పార్కు గేటు తెరవడం, చీకటి పడే వేళకు అందరినీ పంపించి మూయడం ఆయన పని. "దిగాలి, దిగాలి, ఆఖరి స్టాపు!" అని ఆయన అరుస్తుంటే ప్రేమ జంటలు కూడా నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోయేవి.

అంతకుముందు ఆ పార్కును పట్టించుకున్నవాడు లేడు. మున్సిపాలిటీ వాళ్ళు బోర్డు పెట్టి మరిచిపోయారు. పాత పరుపులు, పగిలిన సింకులు, ఒకసారైతే సగం కారు, అన్నీ అక్కడికే చేరేవి. చివరికి చుట్టుపక్కల వీధుల వాళ్ళం ఒక జట్టుగా ఏర్పడి, ఆదివారాలు పారలూ బకెట్లూ పట్టుకుని దిగాం. జట్టుకు పెద్ద హెడ్ మేడమ్. ఆవిడ బడి నుంచి రిటైరై చాలా కాలమైంది గానీ, ఆ సంగతి ఆవిడ గొంతుకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటే వంగిన మొక్క నిటారుగా నిలబడేది. తర్వాత టైలర్ బావ. ఎవరికి బావో తెలియదు, అందరికీ బావే. మడుల అంచులకు టేపు పట్టి, సుద్దతో గీతలు గీయడం ఆయన వంతు.

ఇక కండక్టర్ భార్య. అందరం నర్సరీ అక్క అనేవాళ్ళం. పెళ్ళికి ముందు నుంచీ ఊరి చివర మొక్కల నర్సరీలో కలుపు తీసే పని ఆవిడది. రోజూ ఆయన బస్సులోనే వెళ్ళేది. చిల్లర దగ్గర మొదలైన పోట్లాట పెళ్ళి దాకా వెళ్ళిందని టైలర్ బావ చెప్పేవాడు. ఏమైనా, ఆవిడ కలుపు తీస్తుంటే చూడాలి. రెండు వేళ్ళతో మొదలు పట్టుకుని, కొంచెం మెలితిప్పి లాగేది. ఎడమ మణికట్టు మీద ఒక్కసారి తట్టి మట్టి దులిపేది. మళ్ళీ నాటుకోకుండా ఎండిపోవాలని, వేర్లు పైకి ఉండేలా వరుసగా పేర్చేది. మేమంతా కలిసి ఒక మూల శుభ్రం చేసేసరికి ఆవిడ మిగతా మూడు మూలలూ ముగించి, మా వైపు జాలిగా చూసేది.

తర్వాత ఆవిడకు మరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తర్వాత ఇంటి దారి. ఆ తర్వాత మనుషులు. కొన్ని రోజులు మొగుణ్ణి "ఏవండీ" అని పిలిచేది, కొన్ని రోజులు "కండక్టర్ గారూ" అని. ఇద్దరూ ఒక పాత మేడలో, మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉండేవారు. తలుపు గడియ పెడితే అక్క అరచేతులు కందిపోయేదాకా ఆ తలుపును బాదేది. పార్కులో మట్టి దగ్గర కూర్చోబెడితే మాత్రం ఆ చేతులు నెమ్మదించేవి. బెంచీ ఎక్కిస్తే దాన్ని బస్సు సీటు అనుకునేది.

"నా స్టాపు వచ్చిందా?"

"ఇంకా రాలేదు, కూర్చో."

ఆ మాటతో మళ్ళీ కాసేపు కుదురుగా ఉండేది. పార్కే లేకపోతే ఆవిడకు మిగిలేది ఆ తలుపు. కండక్టర్ భయమంతా అదే.

ఆ ఏడు చలి తగ్గగానే గేటు దగ్గరి పెద్ద మడిలో బంతి వేద్దామనుకున్నాం. ఇంటింటా పాత డబ్బాల్లో, పగిలిన మగ్గుల్లో నారు పోసుకున్నాం. హెడ్ మేడమ్ తన నారుకు రోజూ పేపరు చదివి వినిపించిందని అంటారు. ఆదివారం అందరం కలిసి నాటాం. మర్నాడు పొద్దున కండక్టర్ పంపు దగ్గర బకెట్ నింపుకుని వచ్చేసరికి అక్క సగం మడి ఖాళీ చేసేసింది. కలుపు తీసే చేతులు అలాగే ఉన్నాయి. ఏది కలుపో చెప్పే బుర్ర లేదు. ఆయన గబగబా ఆవిడ చేతులు కడిగి బెంచీ మీద కూర్చోబెట్టాడో లేదో నడకకు వచ్చేవాళ్ళు వచ్చేశారు.

"దొంగయితే పట్టుకుపోవాలి కదా?" టైలర్ బావ తల గోక్కున్నాడు. "ఇస్త్రీ చేసినట్టు ఇక్కడే పేర్చి వెళ్ళాడేంటి?"

"వెటకారం," అంది హెడ్ మేడమ్. "ఇలాంటి వెధవల్ని నేను బోలెడుమందిని చూశాను."

వేర్లు పైకి పెట్టి పేర్చే మనిషి మా కళ్ళ ముందు, బెంచీ మీదే ఉందని ఒక్కరికీ తట్టలేదు. నర్సరీ అక్క పూల మొక్క పీకిందని అనుకోవడం, చేప నీళ్ళలో మునిగిపోయిందని అనుకోవడం లాంటిది.

మళ్ళీ నాటాం. ఆ తర్వాత నుంచి కండక్టర్ ఎంత కనిపెట్టుకుని ఉన్నా, ఆయన కన్ను అటు తిరిగితే చాలు, అక్క కాళ్ళు మడి దగ్గరికే వెళ్ళేవి. ఎవరూ రాకముందే ఆయన ఆవిడ పీకిన మొక్కల్ని తిరిగి నాటి నీళ్ళు పోసేవాడు. అయినా కొన్ని వాడిపోయేవి, కొన్ని వంకరగా నిలబడేవి. ఆ వంకర చూసి టైలర్ బావకు అనుమానం వచ్చింది. ఆయన గీసిన గీత తప్పడమంటే ఆయనకు పరువు పోవడమే. ఒకరోజు తెల్లవారుతుండగానే వచ్చి, పంపు గది వెనక నక్కి కూర్చున్నాడు. చప్పుడు విని బయటికొచ్చి చూసేసరికి మడి దగ్గర మోకాళ్ళ మీద కండక్టర్, చేతిలో బంతి మొక్క.

"మీరా! ఎందుకు చేశారండీ ఈ పని?"

కండక్టర్ బెంచీ వైపు ఒక్కసారి చూశాడు. అక్క తన చీర అంచు మడతపెట్టుకుంటోంది.

"నాకు బంతి వాసన పడదు," అన్నాడు.

సాయంత్రం పంపు గది ముందు అందరం కూడాం. హెడ్ మేడమ్ గొంతు రెండు వీధుల అవతలికి వినిపించింది.

"వాసన పడకపోతే ముక్కు మూసుకోవాలి. పిల్లల్ని పెంచినట్టు పెంచాం వాటిని. తాళంచెవి ఇచ్చెయ్యండి. కొన్నాళ్ళు ఈ గేటు దాటి లోపలికి రావద్దు."

"మరి అక్క?" అన్నాడు టైలర్ బావ.

"అక్కకేం, నిక్షేపంలా రావచ్చు. పాపం, ఆవిడేం చేసింది?"

కండక్టర్ తాళంచెవి గట్టు మీద పెట్టాడు. ఎవరూ అడగకపోయినా జేబులోంచి ఈల తీసి దాని పక్కన పెట్టాడు.

ఆ వారమంతా ఆ మేడ మెట్ల మీద తలుపు చప్పుడు వినిపిస్తూనే ఉందట. కింది వాటా వాళ్ళు ఎవరో మేకులు కొడుతున్నారనుకున్నారు.

ఆదివారం ఆయన పాలు తేవడానికి దిగినప్పుడు గడియ సరిగ్గా పడలేదు. మేమంతా మడి చుట్టూ ఉండగా అక్క గేటులోంచి తిన్నగా వచ్చి మా మధ్య కూర్చుంది. మొదలు పట్టుకుని, మెలితిప్పి, లాగింది. మణికట్టు మీద తట్టింది. వేర్లు పైకి పెట్టింది. ఇంకొకటి.

పాల గిన్నె చేత్తో పట్టుకుని వీధి చివర నుంచి పరిగెత్తుకొచ్చిన కండక్టర్ గేటు దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయాడు. గేటు దాటవద్దన్నాం కదా. అక్కడి నుంచే పిలిచాడు.

"ఇటు రావే! అది కాదే! నీ స్టాపు ఇంకా రాలేదు!"

ఆవిడ తల తిప్పలేదు. టైలర్ బావ వంగి మెల్లగా అన్నాడు.

"అక్కా, అది బంతి."

"కలుపు," అంది అక్క. "ఓనరు చూస్తే తిడతాడు. చెట్టంత మనుషులు, నిలబడి చూస్తారేంటి? తలా ఒక చెయ్యి వెయ్యండి."

హెడ్ మేడమ్ కళ్ళజోడు తీసేసింది. కష్టం మీద మోకాళ్ళు వంచి ఆవిడ పక్కన కూర్చుంది. తను పేపరు చదివి పెంచిన మొక్కనే పీకి, వేర్లు పైకి పెట్టింది.

"ఇలాగేనా?"

"మట్టి దులుపు పిల్లా. ఎవరు పనిలో పెట్టుకున్నారు నిన్ను?"

ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి హెడ్ మేడమ్ లేచి గేటు దగ్గరికి వెళ్ళింది.

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెబితే ఆవిణ్ణి రానిచ్చేవారా?" అన్నాడు కండక్టర్.

హెడ్ మేడమ్ గేటు బార్లా తెరిచి, ఆయన లోపలికి వచ్చేదాకా పట్టుకుంది.

పంపు గది వెనక మూలను అక్కకు వదిలేశాం. రోడ్డు పక్కన, మురిక్కాలువ గట్టున దొరికిన తుంగ గడ్డినంతా శనివారం సాయంత్రాలు బకెట్లలో తెచ్చి అక్కడ నాటేవాళ్ళం. టైలర్ బావ దానికీ సుద్దగీతలు గీశాడు. కలుపు నాటి, నీళ్ళు పోసి పెంచిన జట్టు ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది. నడకకు వచ్చినవాళ్ళు చూసి మాకూ మతి పోయిందనుకున్నారు. వారమంతా అక్క ఆ తుంగ పీకేది, పేర్చేది. మేడ మెట్ల మీద చప్పుడు ఆగిపోయింది. కండక్టర్ తాళంచెవి తిరిగి తీసుకున్నాడు. ఈల మాత్రం తీసుకోలేదు.

వానలు పడ్డాక ఆవిడ చేతులు నెమ్మదయ్యాయి. ఒకరోజు ఒక మొక్క పీకి, దాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఎండిపోయేదాకా పట్టుకునే కూర్చుంది. తర్వాత పీకడమూ మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేది. స్టాపు సంగతి అడగడం మానేసింది.

కొన్ని వారాలకు హెడ్ మేడమ్ బకెట్ తుంగతో వచ్చి చూస్తే, పాతది పీకకుండా అలాగే మోకాలెత్తు పెరిగి గింజ పడుతోంది.

"ఇది పార్కంతా పాకుతుందండీ," అంది మెల్లగా.

టైలర్ బావ వంగి ఒక దుబ్బు మీద చెయ్యి వేశాడు.

"ఉండనివ్వండి," అన్నాడు కండక్టర్. "అది ఆవిడ పని."

బావ చెయ్యి తీసేశాడు. హెడ్ మేడమ్ తెచ్చిన బకెట్ అలాగే వెనక్కి పట్టుకుపోయింది.

పాకింది. బంతి మడిలోనూ, బాట అంచుల్లోనూ, బెంచీల కిందా ఇప్పుడు తుంగే. ఆదివారాలు పారలు పట్టుకుని వస్తున్నాం గానీ, పంపు గది వైపు ఎవరం వెళ్ళడం లేదు. సాయంత్రం ఆయన ఆవిడ పక్కన కూర్చుని, ఒక చెయ్యి పైకెత్తి, లేని కడ్డీ పట్టుకుంటాడు. స్టాపు వచ్చిందా అని ఆవిడ ఆ ఒక్క మాట అడుగుతుందేమోనని చూస్తుంటాడు. గేటు మూయడం రోజూ ఆలస్యమవుతోంది. ఎందుకని ఆయన్ని ఎవరం అడగడం లేదు.