కుడి రెక్క

విజయవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే ఫిలిప్ గారి సాయంత్రాలన్నీ మ్యూజియం కోసం ఒక యుద్ధకాలపు విమానాన్ని బాగుచేయడంలోనే గడుస్తాయి. సముద్రంలో జాలర్ల వలలకు తగిలిన ఆ విమానానికి రెండు రెక్కల్లో ఎడమది ఒక్కటే మిగిలింది. ఆయన కళ్లు మూసుకుని దాన్ని అరచేత్తో తడుముతారు, తర్వాత అదే ఒంపును కుడివైపుకు తిప్పి కొత్త రేకు మీద సుత్తితో తెస్తారు. మర్నాడు మ్యూజియం వాళ్లు వస్తారనగా, కుడి రెక్కకు పైరేకు కప్పబోతుంటే లోపలి బద్ద ఒకటి వెంట్రుకవాసి వంగిందని ఆయన వేళ్లకు తెలిసింది.

"కప్పేస్తే ఎవరికి కనపడుద్ది నాన్నా? ఇదేమన్నా మళ్లీ ఎగురుద్దా?" అంది కూతురు డయానా.

"ఎగరదమ్మా. కానీ అప్పట్లో దీన్ని నమ్మి ఒకాయన ఎక్కి కూర్చున్నాడుగా," అంటూ ఆయన ఆ బద్ద రివెట్లు ఊడదీయసాగారు.

డయానా మ్యూజియానికి ఫోన్ చేసి, "ఇంకొన్నాళ్లు ఆగండి సార్," అని చెప్పి, రెక్క రెండో కొస పట్టుకుంది.