వేలాడే బుట్టలకు వడదెబ్బ

ఉద్యానశాఖలో నా ఆఖరి పోస్టింగు విజయనగరం. చేరింది ఏప్రిల్ మొదట్లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో. చేరిన వారమే మా డిప్యూటీ డైరెక్టరు గారు నాకొక పని అప్పగించారు: ఆఫీసు వరండా పొడుగునా పూలబుట్టలు వేలాడదీయాలి, మే నెలాఖరున డైరెక్టరు గారు తనిఖీకి వచ్చేసరికి అవి బతికుండాలి. లేదంటే సూపరింటెండెంటు పైడిరాజు గారి కోరిక ప్రకారం ప్లాస్టిక్ పూలు పెట్టేస్తారు. ఆయన అప్పుడే తన గది ముందు ఒక ప్లాస్టిక్ బుట్టను నమూనాగా తగిలించేశారు కూడా. ఉద్యానశాఖ గుమ్మానికి ప్లాస్టిక్ పూలా! నాకు ఒళ్లు మండిపోయింది.

వేలాడే బుట్టకు అన్నివైపులా గాలి తగులుతుంది కనుక నేలమీది కుండీకన్నా త్వరగా ఎండుతుంది. అడుగున కొబ్బరిపీచు పరిచి, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపించాను. ఎండకు ఓర్చుకునే బిళ్లగన్నేరు నాటించి, పడమటి వైపు షేడ్‌నెట్ కట్టించాను. నీళ్లు పొద్దున్నే, అడుగునుంచి కారేదాకా పోయాలి. మళ్లీ పోసేముందు బుట్టను ఎత్తి చూడాలి. తేలిగ్గా ఉంటేనే పోయాలి. మధ్యాహ్నం ఆకులు వాలినా కంగారు పడక్కర్లేదు, సాయంత్రానికి అవే లేస్తాయి. ఇదంతా సిబ్బందికి మీటింగు పెట్టి మరీ చెప్పాను. అందరూ శ్రద్ధగా తలలూపారు.

జీడితోటలు చూడడానికి శ్రీకాకుళం వైపు క్యాంపు వెళ్లి వచ్చేసరికి వరండా అంతా పులిసిన వాసన, గోడ మీద చీమల బారు. మొక్కలు పసుపుపచ్చగా మారి వేలాడుతున్నాయి. అటెండరు అప్పలనరసమ్మ ఎదురొచ్చింది.

"పువ్వులికి వడదెబ్బ తగిలీసినాదమ్మా! మిట్టమద్దేనం తలకాయలు ఏలాడేసినాయి. సోడంబలి పోస్తన్నాను," అంది.

సోడంబలి అంటే రాగి అంబలి. డ్రైవరు సింహాచలం తన వంతుగా బుట్టకో ఉల్లిపాయ పెట్టాడు. అకౌంట్స్ సెక్షన్ వారు క్యారేజీల్లో మిగిలిన మజ్జిగ ధారపోశారు. బుట్టను ఎత్తి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మొక్కలున్న బుట్టలన్నీ దింపించి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, మట్టి మార్చి, కొమ్మలు తుంచి నీడలో పెట్టించాను. అంబలి మానమని అప్పలనరసమ్మకు గట్టిగానే చెప్పాను. అయినా వరండాలో వాసన తగ్గలేదు. నా మట్టి వల్లేనంటూ పైడిరాజు గారు నేను కనబడినప్పుడల్లా ముక్కు మూసుకునేవారు. తనిఖీ నాటికి బుట్టలు మళ్లీ వరండాలో తగిలించాను. పచ్చటి చిగుళ్లు వచ్చాయి గాని పువ్వు ఒక్కటీ లేదు.

డైరెక్టరు గారు వరండా అంతా చూస్తూ వచ్చి ప్లాస్టిక్ బుట్ట కింద ఆగారు. ఇంత ఎండలోనూ ఇదొక్కటి విరగబూసిందని మెచ్చుకున్నారు. పైడిరాజు గారు ఛాతీ విరుచుకున్నారు. నీళ్లు ఎప్పుడు పోయాలో ఎలా తెలుస్తుందని డైరెక్టరు గారు నన్ను అడిగితే, ఎత్తి చూస్తామన్నాను. అది ప్లాస్టిక్‌దని చెప్పేలోపే ఆయన రెండు చేతులా ఎత్తారు. అడుగున చిల్లు లేని బుట్ట అది. ఒరిగింది. పులిసిన అంబలి, ఉల్లిపాయతో సహా, ఆయన నెత్తి మీదుగా చొక్కా మీదికి దిగింది.

అప్పలనరసమ్మ తువ్వాలు పట్టుకొచ్చి అంది: "అన్నింటికీ ఎట్టి దానికొక్కదానికి ఎట్టకపోతే ఏటి బాగుంటాది బాబూ? అదీ పువ్వే కదా!"

డైరెక్టరు గారు ముఖం తుడుచుకుని, ప్లాస్టిక్ బుట్టను అప్పటికప్పుడు తీయించేశారు. నా బుట్టలు ఉండిపోయాయి, జూన్‌లో పూశాయి.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే: నీళ్లు పోసేముందు బుట్టను ఎత్తి చూడాలి. ఎత్తేటప్పుడు దాని కింద నిలబడకూడదు.