సరోజ పులుసు పాటకెక్కిన సాయంత్రం

రామకోటి తప్ప మరేదీ రాయని నేను యాభై ఏళ్ల వయసులో కలం పట్టడానికి కారణం మా చెల్లెలు సరోజ. తను ఉండేది మైపాడు దగ్గరి పాలెంలో. వేసవిలో వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగే ముందురోజు, అక్కడ పెంచలయ్య, మస్తానయ్య అనే బావా బావమరదులు డోలక్కు, తాళాలతో హాస్యం ఆడతారు. ఇంటింటినీ పేరుపెట్టి ఎగతాళి చేస్తారు. ఆ ఇంటివాళ్లు లేచి ఎదురు జవాబు చెప్పాలి. చావు జరిగిన ఇంటిని మాత్రం తలవరు. సరోజ భర్త, మా మరిది, పోయి ఏడాది దాటింది. “ఈసారి గూడా నన్ను వదిలేస్తారక్కా. ఊళ్లో అందరూ ఉండారు, నేనొక్కదాన్నే లేనట్టు,” అంది సరోజ ఫోన్లో. తిట్ల పాటలు నాకెందుకని ఇన్నేళ్లూ వెళ్లనిదాన్ని, ఆ మాటకు బయలుదేరాను.

మా ఊరు బిట్రగుంటలో మధ్యాహ్నం పాసింజరు ఎక్కితే ముప్పై రూపాయల లోపే నెల్లూరు చేరవచ్చు. అక్కడి నుంచి మైపాడుకు బస్సులో సుమారు గంట. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటల్లో నీళ్లు చిమ్మే చక్రాలు కనిపిస్తాయి, ఉప్పుగాలి ముఖానికి తగులుతుంది. మైపాడులో దిగి పాలేనికి ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు.

“ఆట చూడ్డానికా అక్కా?” అన్నాడు డ్రైవర్. “పోయినేడు నన్ను తిట్టినారు. ఆటో కంటే నేనే ఎక్కువ పొగ వదల్తానంట!”

“కోపం రాలేదా నాయనా?”

“కోపమా? మా ఎదురింటోణ్ణి మర్చిపోయినారు. వాడు వారం రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు!”

సాయంత్రం ఆడవాళ్లంతా గంగమ్మకు పొంగళ్లు పెట్టారు. ప్రసాదం ఇచ్చే నెపంతో నేను వలల షెడ్డు వెనక ముఖాలకు రంగు పూసుకుంటున్న ఆ ఇద్దరి దగ్గరికి వెళ్లి, సరోజ ఇంటిని వదలవద్దని అడిగాను.

పెంచలయ్య చేతులు జోడించాడు. “చావు జరిగిన ఇల్లమ్మా. మేం నోరెత్తం.”

“ఏడాది నిండింది. సంవత్సరీకం కూడా పెట్టాం.”

“ఆయమ్మ ఏడిస్తే?” అన్నాడు మస్తానయ్య. “పాలెమంతా కలిసి మా డోలు పగలగొడతారు.”

“మీరు వదిలేస్తేనే ఏడుస్తుంది నాయనా, ఇంట్లో ఒంటరిగా.”

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. “సరే, ఆయమ్మలో తప్పేందో చెప్పండి. లేని తప్పు మేం పాడం,” అన్నాడు పెంచలయ్య. ఒకరి మీద చాడీ చెప్పడం నా నోటికి అలవాటు లేదు. గంగమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, చెప్పేశాను.

ఏడు గంటలకు ఆట మొదలైంది. పడవల యజమాని పొట్టను, పూజారి గురకను, కొత్త కోడలి సెల్ఫోనును, దేన్నీ వదల్లేదు. సరోజ చాప చివర కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. ఉన్నట్టుండి డోలక్కు ఆగింది.

“ఏం బా, సముద్రానికి ఇంత ఉప్పు యాణ్ణించి వచ్చింది?” అన్నాడు మస్తానయ్య.

“తెలీదా బా? మన సరోజక్క పులుసు చట్టి కడిగింది గదా!”

ఎవరూ నవ్వలేదు. తాళం కూడా మోగలేదు. సరోజ నెమ్మదిగా లేచి కొంగు నడుముకు దోపింది.

“ఒరే పెంచలా! ఇరవై ఏండ్లు మా ఆయన ఆ పులుసే తిన్న్యాడు. ఇంకొంచెం పొయ్యమన్నాడే గానీ, ఉప్పెక్కువని ఒక్కనాడన్నా అన్న్యాడా? నీ నాలికకే రోగం!”

పాలెమంతా ఒక్కసారిగా నవ్వింది. ఏడాదిగా ఎవరి ముందూ భర్త మాట ఎత్తని సరోజ, కళ్లు తుడుచుకుంటూ, అందరికంటే గట్టిగా నవ్వింది.

నవ్వు కూడా అమ్మవారి ప్రసాదమేనని, అది ఏ ఇంటికీ అందకుండా పోకూడదని నాకు ఆ రాత్రి తెలిసింది. మీరు వెళ్లేటట్టయితే తిరుగు బస్సు మీద ఆశ పెట్టుకోకుండా, పడక ఎక్కడో ముందే చూసుకోండి. ముందు వరుసలో కూర్చుంటే మిమ్మల్నీ వదలరు, ఒక జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

మర్నాడు సరోజ, “పులుసు సంగతి ఆ దొంగలకు ఎవరు చెప్పినారక్కా?” అని అడిగింది. గంగమ్మకే తెలియాలన్నాను. కాబట్టి ఈ పేజీ దాచుకోండి, మా చెల్లెలికి మాత్రం చూపించకండి.