నాలుగో తరగతి సంతకం

ఆస్పత్రిలో ఆవిణ్ణి అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. పదహారేళ్ళుగా అదే గదిలో పని. అంత పట్టింపు గల మనిషి ఆ అంతస్తులో మరొకరు లేరని పేరు. బయట వరసలో జనం ఎంత గొణుక్కున్నా సరే, రోగి చేత పేరు చెప్పించుకోనిదే, కుడో ఎడమో రెండుసార్లు అడగనిదే మీట నొక్కదు. ఓసారి పెద్ద డాక్టరంతటివాడు "తొందరగా కానివ్వమ్మా" అని విసుక్కున్నా, "ఆయన కుడి చెయ్యంటున్నాడు సార్, మీరు ఎడమ అని రాశారు" అంటూ చీటీ వెనక్కి పంపింది.

అంతటి మనిషికీ వేసవి సెలవులకు బడి మూసే ముందు రెండు వారాలు కాలూ చెయ్యీ ఆడవు. ఇద్దరాడపిల్లలు. పెద్దది పదో తరగతి. చిన్నది నాలుగు. అలిగిందంటే నోరు గవ్వలా బిగించేస్తుందని చిన్నదాన్ని ఇంట్లో గవ్వ అని పిలుస్తారు. భర్త దూరాలకు వెళ్ళే బస్సు నడుపుతాడు. మూడు రోజులకోసారి వచ్చి, తిని, నిద్రపోయి, మళ్ళీ బయల్దేరతాడు.

ఆ ఏడూ అదే పరుగు. సోమవారం పెద్దదానికి లెక్కల పరీక్ష. మంగళవారం నాటకంలో గవ్వది మబ్బు వేషం, పాత దుప్పటికి దూది అంటించేసరికి ఇల్లంతా దూదే. బుధవారం బడి లైబ్రరీ పుస్తకం కనబడక మంచాలు తిరగేస్తే, అది బట్టలుతికే యంత్రం వెనకాల తేలింది. వీటికి తోడు రోజూ పొద్దున గవ్వ కాగితాల దొంతర పట్టుకొచ్చేది. తల్లి జడ రబ్బరు పళ్ళతో పట్టుకుని, కాగితాలు గోడకానించి సంతకాలు గీకేసేది.

"ఏంటే ఇవన్నీ?"

"బళ్ళో ఇచ్చారమ్మా. ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇంకా ఇక్కడ."

శుక్రవారం ఆఖరి రోజు. ఆవిడ గంట పర్మిషన్ తీసుకుని బడికి వెళ్ళింది. గోడమీద వచ్చే ఏటి ఐదో తరగతి జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. గవ్వ పేరు లేదు. పక్కనున్న నాలుగో తరగతి జాబితాలో ఉంది. ఎవరో పొరబాటు పడ్డారనుకుని హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది.

ఆమె ఫైలు తెరిచి చూసింది. "పొరబాటేం కాదమ్మా. మార్కులు అంచున ఉన్న పిల్లల ఇళ్ళకి కాగితం పంపాం. పైకి పంపమంటే పంపుతాం, ఇంకో ఏడు ఇదే తరగతిలో ఉంచమంటే ఉంచుతాం. మీరు ఉంచమన్నారు."

కాగితం కింద తన సంతకమే. పైన రెండో గడిలో ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో టిక్కు. ఆవిడ ముఖం మాడిపోయింది. "చదవకుండా పెట్టేశాను మేడమ్" అంది.

హెడ్‌మిస్ట్రెస్ సొరుగు లాగింది. కొత్త కాగితం ఒకటి తీసిచ్చింది. "నాలుగింటిదాకా టైముంది. ఆలోచించుకుని రండి."

గవ్వ వరండాలో సంచీ మీద కూర్చుని ఉంది. తల్లి పక్కన మెట్టు మీద చతికిలబడింది.

"ఆ టిక్కు నువ్వే పెట్టావా?"

"ఊఁ."

"ఎందుకే? నీ ఫ్రెండ్ ఎవరైనా ఉండిపోతోందా?"

"లేదు. వాళ్ళంతా వెళ్ళిపోతున్నారు."

"మరి?"

"నాకు కామెర్లు వచ్చినప్పుడు భిన్నాలు చెప్పేశారు. తర్వాత అన్నీ వాటితోనే చెప్పారు. పక్కదాన్ని చూసి రాసేదాన్ని. ఇప్పుడిప్పుడే కొంచెం తెలుస్తోంది. ఐదులోకెళ్తే మళ్ళీ చూసి రాయాలి."

"నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్పాను. నువ్వు 'సరే సరే, చెప్పులేసుకో' అన్నావు."

అలా అన్నట్టు ఆవిడకు గుర్తులేదు. కానీ ఆ మాట తనదేనని తెలుస్తూనే ఉంది. పిల్ల ఆరు వారాలు మంచంలో ఉంటే తనకు దొరికిన సెలవు నాలుగు రోజులు.

భర్తకు ఫోన్ చేసింది. బస్సు ఏదో స్టాండులో ఆగి ఉంది. "ఏడాది వెనకబడితే ఎలా? నలుగురూ ఏమనుకుంటారు? మార్చెయ్. ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిద్దాంలే" అన్నాడు.

"ఎవరు కూర్చోబెడతారండీ? మీరు మూడు రోజులకోసారి వస్తారు. నేను రోజూ ఉండీ చూసుకోలేదు."

అటువైపు హారన్ మోగింది. "సరే, నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడాయన.

ఆవిడ కొత్త కాగితం వెనక్కి తిప్పి పిల్లకిచ్చింది. "సగంలో సగం ఎంత?"

గవ్వ డబ్బా గీసి, అడ్డంగా ఓ గీత, నిలువుగా ఓ గీత పెట్టింది. "పావు."

"పావుకి మూడో వంతు కలిపితే?"

పెన్ను ఆగిపోయింది. నోరు బిగుసుకుంది. తల్లి సాయం చెయ్యలేదు, తొందరపెట్టలేదు.

"పైకెళ్ళినవాళ్ళు నిన్ను ఏడిపిస్తారేమో. అప్పుడేం చేస్తావ్?"

గవ్వ ఆలోచించింది. "తెలీదు."

నాలుగు కొట్టకముందే ఆవిడ లోపలికి వెళ్ళింది. కాగితం మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా చదివి, రెండో గడిలోనే తన చేత్తో టిక్కు పెట్టి, సంతకం చేసి, తేదీ వేసింది. ఆస్పత్రికి చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది. దానికి పడాల్సిన చీవాట్లు పడ్డాయి.

అత్తగారు ఫోన్‌లో పరువు గురించి ఓ పూటంతా మాట్లాడింది. బడి తెరిచాక మొదటి నెల గవ్వ నాలుగైదుసార్లు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. పాత నేస్తాలు ఇద్దరు పలకరించడం మానేశారు. తల్లి వారానికి రెండు సాయంత్రాలు డ్యూటీ మార్పించుకుంది. కొన్ని వారాలు అది కుదిరేది, కొన్ని వారాలు కుదిరేది కాదు. ఆ ఏడు చివర గవ్వ తరగతిలో పదకొండోదిగా వచ్చింది. అందరికన్నా పొడుగని దాన్ని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. కిటికీ పక్కన కాబట్టి అదే బాగుందని చెప్పింది.